మందారం మీద తెల్ల మొగ్గలు

వెల్డింగు షెడ్డు వెనక గది

పెద్దమ్మా,

ఫోనులో అరవొద్దన్నావు కదా, అందుకే కాగితం మీద అరుస్తున్నాను. నీ పద్ధతే నయం. ఫోనయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టేయలేవు, చివరిదాకా చదివి తీరాలి.

ముందు తిట్టాల్సిన మనిషిని తిట్టేస్తాను. మా ఫోర్‌మన్. మొన్న నేను వేసిన అతుకు మీద సుత్తితో టకటక కొట్టి చూసి, అందరికీ వినపడేలా, “ఏంటమ్మాయ్, ఇనుముకి లంగా అంచు కుట్టావా?” అన్నాడు. షెడ్డంతా నవ్వింది. “అవును సార్, మా పెద్దమ్మ కుట్టుపని చూసే నేర్చుకున్నాను. మీ అతుకులు చూస్తుంటే చిరిగిన గోనెసంచి గుర్తొస్తోంది, మీకెవరు నేర్పారు?” అన్నాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. దాని ఫలితంగా వారమంతా తుప్పు గోకే పని. గోకుతున్నాను. గోకేటప్పుడల్లా ఆయన బట్టతలే కనిపిస్తోంది, పని చురుగ్గా సాగుతోంది.

నేను అన్నది అబద్ధం కాదు. ఇక్కడ నాకు ఎవడూ ఏమీ నేర్పలేదు. పారేసిన ముక్కలు ఏరుకుని, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. కానీ కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం ఒకేలా ఉండాలని, చెయ్యి ఆగితే అక్కడే ముడి పడుతుందని, నీ మిషను పక్కన కూర్చుని చూసినప్పుడే నా బుర్రకెక్కింది. ఎండలు తగ్గేలోపు మాకు పరీక్ష ఉంది. బయటి నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. అతుకు నచ్చితే దాని మీద సుద్దముక్కతో టిక్కు పెడతాడు. టిక్కు పడితే నేను పర్మినెంటు. పడకపోతే ఇక ఎప్పటికీ తుప్పే.

ఇక అసలు సంగతి. నీ కుట్టుగది కిటికీ పక్కన నేను నాటిన ఎర్ర మందారం ఎలా ఉంది? నీళ్ళు పొద్దున్నే పొయ్యి, మొదట్లోనే పొయ్యి. మట్టి తడిగా ఉంటే ఆ పూట మానెయ్. కొమ్మల చివర్లు కత్తిరించమని చెప్పి వచ్చాను. కత్తిరించావా? కత్తిరించి ఉండవు. పచ్చని కొమ్మ మీదికి చెయ్యి రాదంటావు. తెల్లారిందగ్గర్నుంచీ తానులకు తానులు కోసిపారేసే మనిషివి!

చివర్లు కోస్తేనే పక్కకొమ్మలు వేస్తుంది. వివరంగా రాయి. “బాగుంది” అని ఒక్క ముక్క రాశావో, ఊరుకోను.

కన్నకూతురి కంటే ఎక్కువదాన్ని


కుట్టుగది, కిటికీ పక్క బల్ల

నా నిప్పుకోడికి,

నీకు ఆ పేరు పెట్టి పొరపాటు చేశాననుకున్నాను కానీ, లేదు. పొడుగు కాళ్ళు, నోటి నిండా నిప్పులు. అచ్చంగా సరిపోయింది. ఫోర్‌మన్‌ని గోనెసంచి అన్నావా? బట్టల సంగతి తెలిసిన ఇంట్లో పెరిగావు, కనీసం గోనెసంచికి మర్యాద ఇవ్వాల్సింది.

అక్షరాలు ఇంత పెద్దవేంటని వెక్కిరించకు. నువ్వు తిట్లు పెద్దవి రాస్తావు, నేను అక్షరాలు పెద్దవి రాస్తాను.

నేను బాగున్నాను. పని కాస్త తగ్గించాను. సన్నపని వద్దంటున్నాను, కర్టెన్లు, దిండుగలీబులు చాలు. ఎదురింటి నర్సు డ్యూటీకి పోతూ పోతూ వచ్చి టీ తాగి, సూదులన్నిటికీ దారం ఎక్కించి పోతోంది. ఆమెకదో సరదా. కాదనడం ఎందుకని ఊరుకున్నాను.

నీ మందారం సంగతి వివరంగా రాయమన్నావు కదా, రాస్తున్నాను. ఈసారి అది నిన్ను మించిపోయింది. కొమ్మల చివర్లన్నీ తెల్ల మొగ్గలే! గుత్తులు గుత్తులుగా కట్టాయి. వేలితో తాకితే దూదిలా మెత్తగా ఉన్నాయి. ఆకులేమో నూనె రాసినట్టు జిగురుగా చేతికి అంటుకుంటున్నాయి. బలం ఎక్కువైనట్టుంది. చీమలు కూడా వస్తున్నాయి, కొమ్మ పట్టుకుంటే మోచేతి దాకా ఎక్కేస్తున్నాయి. ఇంత సంబరంగా ఉన్న చెట్టుని కత్తిరించమంటావేంటే? నీ మాట విననందుకే ఇన్ని మొగ్గలు.

కళ్ళకి ముసుగు లేకుండా మంట దగ్గరికి పోకు. పక్కవాడు వెల్డింగ్ చేస్తున్నా అటు చూడకు. కన్ను పోయాక ఎంత పనిమంతురాలైనా ఒక మూల కూర్చోవలసిందే.

పెద్దమ్మ


షెడ్డు, తుప్పు గోకే చోటు నుంచి

పెద్దమ్మా,

మొగ్గలా?

ఎర్ర మందారానికి తెల్ల మొగ్గలు ఎక్కడైనా ఉంటాయా? మందారం మొగ్గ పచ్చగా, గట్టిగా, కొన దేరి ఉంటుంది. దూదిలా మెత్తగా ఉంటే అది మొగ్గ కాదు, పిండినల్లి. పురుగు! నువ్వు బలం అనుకుంటున్న ఆ జిగురు, అవి కొమ్మలో రసం పీల్చి బయటికి వదిలేది. చీమలు నీ చెట్టు అందం చూడ్డానికి రావడం లేదు, ఆ తీపి నాకడానికి వస్తున్నాయి. నాకి ఊరుకోవు, ఆ పురుగుల్ని మోసుకెళ్ళి కొత్త కొమ్మల మీద దింపుతాయి. నా చెట్టుని బతికుండగానే పీల్చేస్తుంటే, నువ్వు పక్కన నిలబడి సంబరపడుతున్నావు!

కిటికీ పక్కనే కదా ఉంది! రోజూ చూస్తున్నావు కదా! నీకు కళ్ళున్నాయా, సూదుల డబ్బాలో పెట్టి మూత బిగించావా?

సరే. ఏం చెయ్యాలో విను. పురుగు పట్టిన చివర్లన్నీ కోసెయ్. కోసినవి చెట్టు కింద పడెయ్యకు, సంచిలో వేసి మూతికట్టి దూరంగా పారెయ్. మిగిలిన కొమ్మల్ని నీళ్ళు జోరుగా కొట్టి కడుగు. తర్వాత సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఆకుల అడుగున తుడువు. వారం ఆగి మళ్ళీ తుడువు. జాలి పడకు.

పరీక్షకి ఫోర్‌మన్ నా పేరు పంపించాడు. నా మీద ప్రేమతో కాదు, నేను ఫెయిలయితే చూడాలని.

నిప్పుకోడి


కుట్టుగది

గౌరవనీయులైన వెల్డరు గారికి,

తమరి ఉత్తరం అందింది. మాకు కళ్ళు లేవని సెలవిచ్చారు. చిన్నప్పటి నుంచీ తమరికి చొక్కాలు, గౌన్లు, సంచులు కుట్టి, తమరి మోకాళ్ళ దగ్గర చిరుగులకు కనపడకుండా మాసికలు వేసినది ఈ కళ్ళు లేని మనిషే.

ఎవరి మాట నిజమో తమరే తేల్చండి. మొగ్గలున్న కొమ్మ ఒకటి తుంచి, గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి పంపుతున్నాను. పెద్ద చదువులు చదివినట్టు మాట్లాడే ముందు కళ్ళారా చూడండి.

ముసుగు వేసుకోవడం మరవకండి.

ఇట్లు,
తమరి చెట్టుకి నీళ్ళు పోసే ఆవిడ


షెడ్డు వెనక గది

పెద్దమ్మా,

సంచి అందింది.

లోపల ఉన్నది పిండినల్లే. మంట వెలిగించి కొమ్మతో సహా కాల్చేశాను. పందెం గెలిచాను. గెలిచి, ఒక మూల కూర్చున్నాను. ఎందుకంటే, కొమ్మ కన్నా ముందు నేను సంచినే చూశాను.

నీలం గుడ్డ. దాని మీద కుట్టు ఎర్రదారంతో మొదలై మధ్యలో ఆకుపచ్చకి మారింది. అంచు మడత ఒకచోట ఉంది, ఒకచోట లేదు. సూది ఒకే కన్నంలోంచి రెండుసార్లు పోయింది. ఆ పక్కన వేలు పట్టేంత సందు వదిలి, మళ్ళీ వంకరగా ఎక్కింది. మూల దగ్గర గోధుమరంగు చుక్క ఉంది. అది నెత్తురు పెద్దమ్మా. వేలిలో గుచ్చుకుంది కదూ?

నేను అతుకులు చూసి బతికేదాన్ని. అతుకు చూస్తే వేసినవాడికి చెయ్యి వణికిందో, కోపం వచ్చిందో, ఆకలేసిందో చెప్పగలను. నీ చేతికి ఏమీ కాలేదు, కుట్టు ఎక్కడికక్కడ గట్టిగానే ఉంది. చెయ్యి బాగుంది. చూపు బాగాలేదు.

ఆ తర్వాత నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చదివాను. పెద్ద అక్షరాలు. కర్టెన్లు, దిండుగలీబులు. నర్సు సరదాగా దారం ఎక్కించడం. తెల్ల మొగ్గలు. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. కళ్ళు సూదుల డబ్బాలో పెట్టింది నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను మాటలు వెనక్కి తీసుకోనని నీకు తెలుసు, కాబట్టి దీన్ని జాగ్రత్తగా దాచుకో.

ఎప్పటి నుంచి? ఏ కన్ను? రెండూనా? ఎవరికైనా చూపించుకున్నావా? నాకు ఎందుకు చెప్పలేదు?

నేను పని మానేసి వచ్చేస్తున్నాను. పరీక్షకి తుప్పు పట్టనీ.

నీ పిల్ల


కుట్టుగది

పిచ్చిదానా,

ఈ రాత నాది కాదు. నేను చెబుతుంటే ఎదురింటి నర్సు రాస్తోంది. నువ్వు వచ్చేస్తానంటే తలుపు తీయను. ఇది ముందు రాయమన్నాను.

రెండు కళ్ళలోనూ పొర పెరిగింది. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. మొదట్లో అద్దాలు తుడుచుకునేదాన్ని. తర్వాత లైటు మార్చాను. తర్వాత మిషను కిటికీకి ఇంకా దగ్గరగా జరిపాను. ఒకరోజు ఒక ఆవిడ జాకెట్టుకి చేతులు తారుమారుగా కుట్టి ఇచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

నీకు ఎందుకు చెబుతాను? చెబితే నువ్వు ఇదిగో ఇలాగే పని వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంటావు. రెండో రోజుకల్లా ఇద్దరం కొట్టుకుంటాం. ఆ కోపం అంతా అక్కడ ఇనుము మీద పెట్టు, పనికొస్తుంది.

ఆపరేషన్ చేస్తే పోతుందని అంటున్నారు. కంట్లో కత్తి పెడతారట. నేను ఒప్పుకోలేదు. కొంచెం కనిపిస్తోంది కదా, చాలు.

(ఇది ఆమె చెప్పలేదు, నేనే రాస్తున్నాను. కత్తి చాలా చిన్నది, భయమే పెద్దది. మా ఆసుపత్రిలో ఇది రోజూ చేసే పని. రెండుసార్లు ఆమెని గేటు దాకా తీసుకెళ్ళాను. రెండుసార్లూ పొయ్యి ఆర్పలేదంటూ వెనక్కి వచ్చేసింది. పొయ్యి ఆరిపోయే ఉంది. – నర్సు)

ఏం రాస్తున్నావే అంత సేపు? సరే.

చెట్టు సంగతి. నువ్వు కాల్చేశానన్న ఉత్తరం నర్సు చదివి వినిపించాక బయటికి వెళ్ళాను. వేళ్ళతో తడుముతూ, మెత్తగా తగిలిన చోటల్లా కోశాను. గోడకి తగిలించి ఉండే పెద్ద కత్తెరతోనే కోశాను. ఇక దానికి మాత్రం వేరే పనేముంది? మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. పట్టుకున్న ప్రతి కొమ్మా మెత్తగానే ఉన్నట్టు అనిపించింది. ఇప్పుడు మోకాలెత్తు మోడు మిగిలింది. చంపేశానేమో. నీ చెట్టుని సంబరంగా ఉన్నప్పుడు చూసుకోలేకపోయాను, జబ్బు చేసినప్పుడూ చూసుకోలేకపోయాను.

కోప్పడకు. పరీక్ష రాయి.

పెద్దమ్మ


షెడ్డు, నా సొంత వెల్డింగు బల్ల

పెద్దమ్మా,

చెట్టు గురించి కోపం లేదు. కత్తెర గురించి ఉంది.

ఆ కత్తెర సంగతి నాకు తెలీదనుకున్నావా? గుడ్డ తప్ప ఇంకేమీ దాని నోట్లో పడకూడదు. కాగితం కోస్తే మొద్దుబారుతుందని కాగితం కూడా కోయనిచ్చేదానివి కాదు. చిన్నప్పుడు దాంతో ఒక అట్టముక్క కోశానని నాతో మాట్లాడటం మానేశావు. నాకు చెప్పాల్సినవి మిషనుకి చెప్పేదానివి, “భోజనానికి రమ్మను” అని. అలాంటి కత్తెరని తీసుకెళ్ళి మందారం కొమ్మల మీద పెట్టావు. అంటే ఇక ఈ జన్మకి గుడ్డ కోయనని నువ్వొక్కదానివే కూర్చుని తీర్మానం చేసేశావు. నన్ను అడిగావా? నా చొక్కాలు ఎవరు కుడతారు? బజారు చొక్కాలకి మెడ దగ్గర సందు ఉంటుంది, నిప్పురవ్వలు తిన్నగా లోపలికి పోతాయి. నా మెడ మీద మచ్చలు చూస్తే ఏడుస్తావు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. దీనికి కళ్ళు అక్కర్లేదు.

మోడు దగ్గర కూర్చో. గోటితో బెరడు గీకు. పొడిగా రాలితే అక్కడ చచ్చింది. తడిగా, జారుగా తగిలితే బతికుంది. బతికిన చోట కొమ్మ మీద వేలు పెట్టి కిందికి జరుపు. చిన్న బొడిపె తగులుతుంది, అది కణుపు. దానికి కాస్త పైన, ఏటవాలుగా కొయ్యి. ఈసారి వంటింటి కత్తితో. కొత్త చిగురు ఆ బొడిపె లోంచే వస్తుంది. నీళ్ళు ఎక్కువ పొయ్యకు. ఆకులు లేని చెట్టు తాగలేదు, వేళ్ళు కుళ్ళిపోతాయి.

ఇక రెండో సంగతి. నువ్వు పురుగు ఉన్నంత మేరా కోశావు. కనబడకుండా, చేతి అంచనాతో, భయపడుతూనే కోశావు. నీ కంట్లో పొర తీసేవాడికి దీపం ఉంది, అద్దం ఉంది, రోజూ చేసే అలవాటు ఉంది. నీకంటే బాగానే కోస్తాడు.

బేరం పెడుతున్నాను. నేను రాను, పరీక్ష రాస్తాను. నువ్వు ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకుని నర్సు చేత రాయించి పంపు. ఆ కాగితం నా చేతికి రాకపోతే పరీక్ష రోజు వెల్డింగు కడ్డీ ముట్టుకోను, ఫోర్‌మన్ పక్కన నిలబడి ఆయనతో పాటు నవ్వుతాను. నేను మొండిదాన్ని. ఎవరి పెంపకమో నీకు బాగా తెలుసు.

కత్తెర నాకు పంపు. మన వీధి సానవాడికి ఇవ్వొద్దు, అరగదీసి పారేస్తాడు. నేనే సాన పడతాను.

నర్సుగారికి: ఈసారి పొయ్యి మీరే ఆర్పి, తాళం మీ జేబులో వేసుకోండి.

నిప్పుకోడి


కుట్టుగది

మొండిఘటానికి,

గోటితో గీకాను. తడి తగిలింది. నమ్మకం కుదరక ఇంకోచోట గీకాను. అక్కడా తగిలింది. నర్సుని పిలిచి చూడమంటే, “పచ్చగా ఉందండీ” అంది. “నిజం చెప్పు, నన్ను ఊరడించకు” అన్నాను. ఆమె నా వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టింది. పచ్చివాసన. అప్పుడు నమ్మాను.

కత్తెర పంపుతున్నాను. గోడకి దాని ఖాళీ మేకు చేతికి తగిలినప్పుడల్లా చిరాగ్గా ఉంది, తొందరగా పంపు.

నీ పరీక్ష అయిన మరుసటి వారమే నా ఆపరేషన్ రోజు. కావాలనే అలా పెట్టించుకున్నాను. అప్పుడు రావద్దని అనను. వచ్చి నా చెయ్యి పట్టుకో, కానీ నోరు మాత్రం తెరవకు. డాక్టరుతో దెబ్బలాటకి దిగావో, కళ్ళు కనిపించగానే ముందు నీ జుట్టు పట్టుకుంటాను.

తాళం నర్సు జేబులోకి వెళ్ళిపోయింది. మీరిద్దరూ ఒకటయ్యారు.

పెద్దమ్మ


కుట్టుగది, కిటికీ తెరిచి

నా నిప్పుకోడికి,

ఈ అక్షరాలు చూడు. చిన్నవి. నేనే రాశాను.

కట్టు విప్పిన పూట నీ మొహమే మొదట కనబడింది. “టిక్కు పడింది, టిక్కు పడింది” అని ఆసుపత్రి వరండాలో నువ్వు గంతులు వేసినప్పుడు వినడమే, అప్పుడు నీ మొహం చూడలేకపోయాను. చూశాక ఏమన్నానో నాకు గుర్తు లేదు. ఏడ్చానని నర్సు అంటోంది, నువ్వు కూడా అని అంటోంది. ఆమె మాటలు నమ్మకు. రెండో కన్ను కూడా అయింది. ఈసారి నేనే ముందు గేటు దాటాను.

నువ్వు వెళ్ళాక ఒక్కొక్కటే చూస్తున్నాను. మూలల్లో దుమ్ము. గోడ మీద, నువ్వు ఎత్తు కొలుచుకుంటూ పెన్సిలుతో గీసిన గీతలు. నర్సు ఇంత చిన్నపిల్ల అని నాకు తెలీదు, గొంతు విని నా ఈడుదనుకుని ఇన్నాళ్ళూ చెప్పకూడని కబుర్లన్నీ చెప్పేశాను. ఇక, పని నేర్చుకునే రోజుల్లో సెలవుకి వచ్చి ఈ కిటికీ ఊచలకి నువ్వు వేసిన అతుకు ఉంది చూశావూ, కోడి గెలికినట్టుంది. పొర ఉన్నప్పుడే బాగుండేది.

మోడు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కణుపు పైన కోసిన చోటల్లా చిగుళ్ళు వచ్చాయి. ఒకటి రెండు చోట్ల తప్పుగా కోశాను, అవి నల్లబడి ఎండిపోయాయి. మిగిలినవన్నీ సరిగ్గానే పడ్డాయి. నా వేళ్ళు ఇంత మంచివని నాకే తెలీదు. రోజూ ఆకుల అడుగున చూస్తున్నాను. పిండినల్లి ఒకటి కనబడింది. దాన్ని బాగా చూశాను, వేలి మీద పెట్టుకుని కాళ్ళు కూడా చూశాను. దీన్నా నేను మొగ్గ అన్నది! తర్వాత నలిపేశాను. జాలి పడలేదు.

మొగ్గ వచ్చింది. నువ్వు చెప్పినట్టే పచ్చగా, గట్టిగా, కొన దేరి. ఇవాళ పొద్దున విచ్చింది. అంత ఎరుపు ఉంటుందని మర్చిపోయాను. సాయంత్రానికి ముడుచుకుపోతుంది, నీకు పంపడానికి వీల్లేదు. అందుకని ఇంకొకటి పంపుతున్నాను.

చొక్కా. మెడ దగ్గర పట్టీ ఎత్తుగా పెట్టాను, ఒక్క రవ్వ కూడా దూరదు. నువ్వు సాన పట్టిన కత్తెరతోనే కోశాను. గుడ్డ మీద పెట్టగానే దానంతట అదే పోయింది. మొదటి కోత కోసే ముందు మాత్రం చెయ్యి కాసేపు ఆగింది.

కుట్లు చూడు. ఇన్‌స్పెక్టరులాగా చూడు. పెద్దమ్మ కదా అని మొహమాటపడకు.

పెద్దమ్మ


షెడ్డు, కాంటీన్ బల్ల

పెద్దమ్మా,

చొక్కా అందింది. మొహమాటం లేకుండా చూశాను. తిరగేసి చూశాను, గుంజి చూశాను, వెలుతురుకి ఎత్తిపెట్టి చూశాను. టీ తాగడానికి వచ్చినవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. ఫోర్‌మన్ వచ్చి మెడ పట్టీ వేళ్ళతో నలిపి చూసి, “మాకూ కుట్టిపెడుతుందా మీ పెద్దమ్మ?” అని అడిగాడు. “గోనెగుడ్డతో అయితే కుడుతుంది సార్” అన్నాను. నవ్వాడు. మొదటిసారి ఆయన పళ్ళు చూశాను. తుప్పు పని పడలేదు.

ఇదీ నా రిపోర్టు. భుజాల కుట్లు: తిన్నగా ఉన్నాయి. జేబు: అదీ తిన్నగానే. బొత్తాం కాజాలు: ఒక్కటి కూడా వంక పెట్టడానికి లేదు, నాకు ఒళ్ళు మండింది. ఎడమ చేతి పట్టీ లోపల ఒక కుట్టు తప్పింది. సూది దాటిపోయింది. మళ్ళీ కుట్టి సరిచేద్దామా అనుకున్నావు, వద్దులే అని వదిలేశావు. అవునా? అక్కడ చెయ్యి ఆగింది, నాకు కనిపిస్తోంది.

అయినా పాస్ చేస్తున్నాను. ఇన్‌స్పెక్టరు మర్చిపోయి వెళ్ళిన సుద్దముక్క నా దగ్గరే ఉంది, పరీక్ష రోజు కొట్టేశాను. దాంతో ఆ తప్పిన కుట్టు పక్కనే టిక్కు పెట్టాను.

ఉతికితే టిక్కు పోతుంది. అందుకని ఉతకడం లేదు. కంపు కొడితే నువ్వే తిట్టాలి. ఫోనులో తిట్టినా పర్లేదు, నేను పెట్టేయను.

నీ పిల్ల